శబరి ఒడ్డున ఒక పగలు, ఒక రాత్రి

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. కొరాపుట్, రాయగడ జిల్లాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు ఈ సామెత బాగా అతుకుతుంది. సెలవులు వస్తే అరకు అంటాం, ఊటీ అంటాం, చేతిలో నాలుగు డబ్బులు ఆడితే కాశ్మీరు దాకా ఆలోచిస్తాం. బోరిగుమ్మకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న గుప్తేశ్వరానికి మాత్రం శివరాత్రికో, కార్తీక సోమవారానికో వెళ్తాం. దర్శనం అయ్యాక పులిహోర పొట్లం విప్పుతాం. చీకటి పడేలోగా ఇల్లు చేరాలని బండి ఎక్కుతాం. అక్కడ శబరి నది కోసుకుపోయిన లోయ ఉందని, అందులో మొసళ్ళున్నాయని, గుహలలో ఎన్నో రకాల గబ్బిలాలున్నాయని మనలో చాలామందికి విన్న మాటగానే తెలుసు.

నేను చేసేది బ్యాంకు ఉద్యోగం, చదివింది బి.కాం. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం నాకు కొత్త. అందుచేత ఈ వ్యాసంలో పండితుల మాటలు వెతకవద్దని మనవి. 2025 ఫిబ్రవరి 8 రెండో శనివారం, పైగా భీష్మ ఏకాదశి. మర్నాడు ఎలాగూ ఆదివారం. ఈ రెండు రోజుల సెలవుల్లో ఒక్కడినే గుప్తేశ్వరం వెళ్ళి, పగలంతా నది వెంట నడిచి, రాత్రి చిన్న గుడారంలో పడుకుని వచ్చాను. "ఈ వయసులో ఒక్కరూ అడవిలో పడుకోవడం ఏమిటండీ?" అని మా ఆవిడ అడిగింది. అడవి నడిబొడ్డున కాదని, గుడి దగ్గర కొట్ల పక్కనేనని నచ్చజెప్పాక రగ్గు, మంకీ టోపీ, అరడజను అరిటిపళ్ళు తనే సర్ది ఇచ్చింది.

దారి

తెల్లవారుజామున నాలుగున్నరకు మోటారు సైకిలు మీద బోరిగుమ్మలో బయలుదేరాను. జయపురం దాకా పెద్ద రోడ్డే. అక్కడి నుంచి బొయిపారిగుడ మీదుగా రామగిరి, అది దాటాక గుప్తేశ్వరం. విశాఖ వైపు నుంచి వచ్చేవారు కొత్తవలస-కిరండూల్ మార్గంలో నడిచే రైలులో జయపురంలో దిగి, అక్కడి నుంచి బస్సో జీపో పట్టుకోవచ్చు. జయపురం నుంచి సుమారు 55-60 కిలోమీటర్లు. బొయిపారిగుడ దాటాక రోడ్డు మలుపులు తిరుగుతుంది. ఇరువైపులా సాలు చెట్లు, మనవాళ్ళు గుగ్గిలం చెట్లనేవి ఇవే. నడుమ నడుమ ఆకు రాలిన కొమ్మల నిండా మోదుగ పూలు. మాఘమాసపు మంచులో ఆ ఎరుపు చూడటానికైనా ఈ నెలలో వెళ్ళాలి.

రామగిరి పేరు వినగానే కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడి రామగిరి ఇదేనని చెప్పేవారు ఇక్కడ ఉన్నారు. నాగపూర్ దగ్గరి రాంటెక్ అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ తగవు వారికే వదిలేద్దాం. శ్రీరాముడు వనవాసంలో ఇటు వచ్చి, గుహలో దాగి ఉన్న శివలింగాన్ని చూసి గుప్తేశ్వరుడని పేరు పెట్టాడని స్థలపురాణం. 17వ శతాబ్దంలో జయపురం రాజు వీర విక్రమదేవుడి కాలంలో ఈ గుహాలయం లోకానికి తెలిసిందని చెబుతారు.

జయపురం పేరెత్తాం కనుక ఒక మాట. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ కొండలన్నీ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోవే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు తెలుగులోనూ ఒడియాలోనూ పండితుడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఆయన విరివిగా విరాళాలిచ్చారు. 1992లో పెద్ద కొరాపుట్ జిల్లాను విడదీసి రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి జిల్లాలు చేశారు. కాగితాల మీద హద్దులు ఇన్నిసార్లు మారాయి కానీ, నీళ్ళు తమ పాత దారినే పోతున్నాయి. రాయగడ మీదుగా పోయే నాగావళి శ్రీకాకుళం చేరుతుంది. ఇంద్రావతి గోదావరిలో కలుస్తుంది. ఇక్కడివారు కొలాబ్ అని పిలిచే నదే శబరి. సింకారం కొండల్లో పుట్టి, కొంతదూరం ఒడిశాకూ ఛత్తీస్‌గఢ్‌కూ సరిహద్దుగా నడిచి, సీలేరును కలుపుకొని, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. నాగావళి ఒడ్డు వాళ్ళమైనా, గోదావరి ఒడ్డు వాళ్ళమైనా మనం చిన్నప్పుడు తాగిన నీళ్ళలో ఈ కొండల వాన కొంత ఉంది.

గుహ

ఏడు గంటలకు గుప్తేశ్వరం చేరాను. ముందుగా అటవీ శాఖవారి గేటు దగ్గర ఆగి, రాత్రి ఉంటానని చెప్పి, పేరు, ఊరు రాయించి, గుడారం ఎక్కడ వేసుకోవాలో అడిగాను. నది ఒడ్డున వద్దన్నారు. కొట్ల వరుస చివర ఖాళీ జాగా చూపించారు. ఒంటరిగా వెళ్ళే ప్రతివారూ మొదట చేయవలసిన పని ఇదే. మనం ఎక్కడ ఉన్నామో కనీసం ఒక మనిషికి తెలిసి ఉండాలి.

సుమారు 200 మెట్లు. అటూ ఇటూ సంపెంగ చెట్లు. మెట్లెక్కగానే రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పుతో గుహ ద్వారం. లోపల నిలువెత్తు లింగం. అది ఏటా కొంచెం కొంచెం పెరుగుతుందని భక్తుల నమ్మకం. పండగ కాని రోజు కావడంతో లోపల అర్చకుడు, నేను, ఇంకో వృద్ధ దంపతులు. గంట మోగిన తరువాత గుహలో అలలు అలలుగా నిలిచిన ఆ మోత నిదానంగా తగ్గుతూ వినబడింది. శివరాత్రి నాటి తోపులాటలో ఇది వినబడే అవకాశం లేదు.

వెనుక ఇంకో గుహలో పైకప్పు నుంచి ఒక పెద్ద రాతి వేలాడు ఉంది. అది కామధేనువు పొదుగని, దాని నుంచి రాలే చుక్క అరచేతిలో పడితే పుణ్యమని, జనం చేతులు చాచి ఎదురుచూస్తారు. నేనూ చాచాను. నాలుగైదు నిమిషాలకు ఒక చుక్క పడింది, చల్లగా.

ఆ చుక్క సంగతి కొంచెం చెప్పాలి. ఈ కొండ సున్నపురాయి. వాన నీరు గాలిలో నుంచీ మట్టిలో నుంచీ బొగ్గుపులుసు వాయువును కొద్దిగా కలుపుకొని పల్చటి ఆమ్లమై రాతి సందుల్లోకి దిగుతుంది. దిగుతూ సున్నాన్ని కరిగించుకుంటుంది. గుహలు అలా ఏర్పడినవే. గుహ పైకప్పు చేరాక ఆ వాయువు విడిపోయి, చుక్క వెంట వచ్చిన సున్నం అణువంత అక్కడే మిగిలిపోతుంది. ఇలాంటి రాతి వేలాడు ఒక సెంటీమీటరు పెరగడానికి వందేళ్ళు పట్టే చోట్లున్నాయట. నేను చూసిన డిపాజిట్లలో ఇంత తక్కువ వడ్డీది లేదు, ఇంత నమ్మకమైనదీ లేదు. చేత్తో తడిమితే చర్మం మీది నూనె అంటి ఆ పెరుగుదల ఆగిపోతుందని చదివాను. కనుక చుక్కకు చేయి చాచవచ్చు కానీ రాయిని తాకకుండా ఉండటం మంచిది.

నది

మెట్లు దిగి నది వైపు నడిచాను. గేటు దగ్గరివారు ఆ ఊరి యువకుడిని నాకు తోడిచ్చారు. ఇరవై, ఇరవై రెండేళ్ళుంటాయి. నాతో దేశియా మాట్లాడాడు. మన కొరాపుట్ సంతల్లో అందరూ మాట్లాడే ఒడియా అదే కదా! ఇంట్లో మాట్లాడేది మాత్రం ధురువా భాష. పండితులు దీన్నే పర్జీ అంటారు. దీని మీద బరో, భట్టాచార్య అనే పండితులు 1953లోనే ఒక పుస్తకం ప్రచురించారు. ఇది ద్రావిడ భాష, అంటే మన తెలుగుకు దాయాది. ఆ సంగతి గుర్తుకొచ్చి, నది వైపు చూపించి "మీ ఇంట్లో దీన్ని ఏమంటారు నాయనా?" అని అడిగాను.

"నీర్" అన్నాడు.

కన్ను చూపించాను. "కన్" అన్నాడు.

బోరిగుమ్మలో ఇన్నేళ్ళుగా మన తెలుగువాళ్ళం నాలుగిళ్ళు ఒకచోట కలిస్తే తప్ప తెలుగు వినబడదని అనుకునేవాడిని. మనకంటే ఎన్నో తరాల ముందు నుంచి ఈ ఒడ్డున నీరును నీరనే పిలుస్తున్నవారున్నారు.

గుడికి కొంచెం దిగువన లోయ ఇరుకవుతుంది. ఫిబ్రవరి నాటికి నీరు తగ్గి, నది అడుగున ఉండే రాతి పలకలు బయటపడతాయి. బూడిద రంగు రాళ్ళు, నున్నగా అరిగినవి. కొన్నిచోట్ల రోలు తొలిచినట్లు గుండ్రటి గుంతలు. వరదలో సుడి తిరిగే గులకరాళ్ళే ఆ రోళ్ళు తొలిచాయి. గుంతలో చేయి పెట్టి చూస్తే అడుగున అవే గులకరాళ్ళు నాలుగైదు ఉన్నాయి. రాళ్ళ నడుమ నీరు ఆకుపచ్చగా, లోతు తెలియకుండా పోతూ ఉంటుంది. ఆవలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. ఆ వైపు బస్తరులోని కాంగేర్ లోయ జాతీయ పార్కు తీరథ్‌గఢ్ జలపాతం నుంచి ఈ కొలాబ్ నది దాకా సుమారు 200 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. 1982లో జాతీయ పార్కు అయింది. శివరాత్రికి ఆ వైపు జనం నది దాటి రావడానికి రాళ్ళ మీద వెదురు తడికలు పరిచి దారి వేస్తారు. పండగ పోయి వానలు రాగానే ఆ దారి నదిలోదే.

రాతి పలకల మీద నడక తేలిక కాదు. ఎండిన రాయి చేయి పట్టుకున్నట్లుంటుంది, పాచి పట్టిన రాయి సబ్బు. పట్టు ఉన్న బూట్లు, చేతిలో కర్ర తప్పనిసరి. తోడు వచ్చిన కుర్రవాడు మాత్రం ఉత్త కాళ్ళతో మేకపిల్లలా దాటిపోతున్నాడు. నాలుగు అడుగులకు ఒకసారి ఆగి నా కోసం చూస్తూ, నీటి అంచుకు పది అడుగుల లోపు మాత్రం నన్ను రానివ్వలేదు. ఎందుకో కాసేపటికి తెలిసింది.

ఒక మలుపులో ఇసుక మేట. దాని మీద వెడల్పాటి జాడ, బస్తా ఈడ్చినట్లు. ఆ జాడకు రెండు పక్కలా పంజా గుర్తులు. జాడ నేరుగా నీటిలోకి పోయింది. "పొద్దున్నే దిగింది" అన్నాడు.

మొసళ్ళు

పదకొండు గంటలకు ఎండ చురుక్కుమంటున్నప్పుడు చూశాను. మేమున్న ఎత్తు రాతి నుంచి ఆవలి ఒడ్డుకు వంద గజాల పైనే ఉంటుంది. అక్కడొక బండ మీద మానులాంటిదేదో ఉంది. "బాబూ, మాట్లాడకండి, అటు చూడండి" అని కుర్రవాడు గొంతు తగ్గించి అన్నాడు. బైనాక్యులర్ కళ్ళకు పెట్టుకుంటే ఆ మానుకు పళ్ళు కనబడ్డాయి. నోరు బార్లా తెరుచుకుని కదలకుండా ఉంది. కోపం వచ్చి తెరిచిన నోరు కాదది. మొసలి మనలా వేడి రక్తపు ప్రాణి కాదు. ఎండకాచుకుని ఒళ్ళు వెచ్చబరుచుకుంటుంది, వేడి ఎక్కువైతే నోరు తెరిచి తగ్గించుకుంటుంది. ఇది మగర్ జాతి మొసలి, మంచినీటిది. బాగా పెరిగితే నాలుగు మీటర్లు దాటుతుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దీని పేరుంది. అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే.

గంటన్నర కూర్చున్నాను. ఆ గంటన్నరలో మొసలి చేసిన పని ఒక్కటే, నోరు మూసి మళ్ళీ తెరిచింది. చదివేవారికి ఇదేం వినోదం అనిపించవచ్చు. కానీ మనం కదలకుండా ఉన్నకొద్దీ చుట్టూ ఉన్నవన్నీ కదలడం మొదలుపెట్టాయి. నీటికాకి ఒకటి రాతి మీద రెక్కలు ఆరబెట్టుకుంది. లకుముకి పిట్ట నీటిలోకి మునిగి, చేపపిల్లతో లేచి, దాన్ని రాతికేసి రెండుసార్లు బాది మింగింది. కొండముచ్చులు నాలుగు చెట్టు దిగి, చుట్టూ చూసి, ఒకదాని తరువాత ఒకటి నీళ్ళు తాగాయి. ఒకటి తాగుతుంటే మిగిలినవి కాపలా. మొసలి ఉన్న నదిలో వాటికది ఎవరు నేర్పారో!

ఇసుక మేటల మీద ఇవి గుడ్లు పెట్టే కాలం దగ్గరపడుతోందని, శివరాత్రి జనం మేటల మీద పొయ్యిలు పెట్టకుండా ఉంటే బాగుండునని కుర్రవాడు అన్నాడు. గోతిలో గుడ్లు కప్పిపెట్టి తల్లి దగ్గర్లోనే కాపు కాస్తుంది. పిల్లలు బయటికి వచ్చే వేళ గొయ్యి తవ్వి, నోటితో కరుచుకుని నీటిలోకి చేరుస్తుంది. అంత పెద్ద దవడ, అంత చిన్న పిల్లలు. ఒక్క పంటి గాటు పడదట.

మధ్యాహ్నం కుర్రవాడి ఇంటి నుంచి సొరకాయ బుర్రలో చోడి అంబలి వచ్చింది. ఇక్కడివారు మండియా పేజ్ అంటారు. శ్రీకాకుళంలో మా నాయనమ్మ పోసిన అంబలికీ దీనికీ రుచిలో తేడా నాకు తెలియలేదు. ఏకాదశి ఉపవాసం ఇంట్లో ఉన్న మా ఆవిడ ఖాతాలో జమ అయింది. నా ఖాతాలో అంబలి ఖర్చు రాసుకున్నాను.

గోరింక మాట

ఎండ వాలాక నది వదిలి అడవి అంచున నడిచాం. ఆకు లేకుండా పూలతో నిండిన బూరుగ చెట్టు ఒకటి ఉంది. దాని మీద సంత జరుగుతోంది. తేనె కోసం వచ్చిన పిట్టలలో తోక చివర రెండు పొడుగాటి ఈకలు, వాటి కొసన చిన్న ఆకుల్లాంటి కుచ్చులతో ఒకటి ఉంది. మన పసుల పోలిగాడికి అడవి చుట్టం. ఇది ఇతర పక్షుల కూతలన్నీ అనుకరిస్తుంది. దాని పక్క కొమ్మ మీద, నిగనిగలాడే నలుపు, నారింజ రంగు ముక్కు, తల వెనుక పసుపు పట్టీలతో కొండ గోరింకలు రెండు ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి ఇదే.

పంజరంలో పెట్టి మాటలు నేర్పితే మనిషి గొంతుతో పలుకుతుందని ఈ పిట్టను పట్టి అమ్మేవారు. ఆ పేరే దాని ప్రాణం మీదికి తెచ్చింది. విచిత్రం ఏమిటంటే, అడవిలో ఉన్న కొండ గోరింక ఇతర పక్షులను అనుకరించదు. తన వారి కూతలే నేర్చుకుంటుంది. ఒక లోయలోని గోరింకల కూతకూ కొంత దూరాన ఉన్న గోరింకల కూతకూ తేడా ఉంటుందని పరిశీలించినవారు చెబుతారు. పంజరంలో తన వారు లేక మన మాట పలుకుతుంది, అంతే. ఈ విషయం తెలిసినప్పుడు పరాయి రాష్ట్రంలో పెరుగుతున్న మన పిల్లలు గుర్తుకొచ్చారు. పది భాషలు నేర్చుకోనివ్వండి, మంచిదే. తన వారి కూత వినబడే కొమ్మ ఒకటి మాత్రం ఉండాలి. మన సంఘం, ఈ పత్రిక అందుకే కదా!

గబ్బిలాలు, వెన్నెల

సాయంత్రం ఆరు దాటాక గుడికి పక్కనున్న చిన్న గుహకు కొంత దూరంలో కూర్చున్నాను. టార్చి ఆర్పేశాను. మొదట ఒకటి, తరువాత రెండు, ఆ తరువాత ఆగకుండా గబ్బిలాలు రావడం మొదలైంది. నోట్లు లెక్కపెట్టే అలవాటున్న చేతివేళ్ళతో మూడు వందల దాకా లెక్కపెట్టాను. తరువాత చీకటిలో కనబడలేదు. చెవి పక్క నుంచి పోతున్నా ఒక్కటీ తగలలేదు. మన చెవికి అందని సన్నని కేక వేసి, దాని ప్రతిధ్వనిని బట్టి దారి చూసుకుంటాయి. ఇక్కడి జాతుల్లో కొన్నింటికి ముక్కు మీద గుర్రపు నాడా ఆకారంలో, కొన్నింటికి ఆకు ఆకారంలో తోలు మడత ఉంటుంది. అవి ముక్కుతోనే ఆ కేక వేస్తాయి.

దక్షిణ ఒడిశాలో తెలిసిన 16 రకాల గబ్బిలాలలో 8 రకాలు ఈ సున్నపురాతి గుహలలోనే ఉన్నాయి. మన ఇళ్ళలో గబ్బిలం అంటే అపశకునం. కానీ ఈ చిన్న గబ్బిలాలు రాత్రంతా తినేవి దోమలు, పంటలను తినే పురుగులే. రామగిరి వైపు చోడి, వరి చేలకు జీతం లేని కాపలాదార్లు ఇవి. చాలా జాతులలో తల్లి ఏడాదికి ఒక్క పిల్లనే కంటుంది. గుహలో టపాకాయల పొగ, కేకలు, కళ్ళలోకి టార్చి వెలుగు ఎక్కువైతే గుహనే వదిలేస్తాయి. పోయిన గుంపు తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది.

2024 ఫిబ్రవరిలో ఒడిశా ప్రభుత్వం గుప్తేశ్వరం అడవిలో 350 హెక్టార్లను, అంటే సుమారు 865 ఎకరాలను, జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. రాష్ట్రంలో ఇది నాలుగవది. అక్కడ జరిపిన సర్వేలో 608 రకాల జీవులు లెక్కకు వచ్చాయి. అందులో 28 రకాల క్షీరదాలు, 188 రకాల పక్షులు, 48 రకాల సరీసృపాలు, 141 రకాల సీతాకోకచిలుకలు ఉన్నాయి. 865 ఎకరాలంటే మన వైపు ఒక మోస్తరు పల్లె పొలం. అందులో ఇంత ఆస్తి ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఇచ్చే ఈ గుర్తింపులో ఒక మంచి ఉంది. అడవినే నమ్ముకున్న స్థానికులను బయటికి పంపరు, వారితో కలిసే కాపాడాలి.

రాత్రి గుడారంలో దూరాక అసలు చలి తెలిసింది. రగ్గు, మంకీ టోపీ సర్దిన చేతికి మనసులోనే దండం పెట్టాను. ఏకాదశి వెన్నెల గుడారం గుడ్డ మీద పడి లోపల దీపం పెట్టినట్లుంది. నది మోత ఆగదు. మధ్యలో ఒక రాత్రి పిట్ట కూత, నైట్‌జార్ అంటారు. బల్ల మీద పడిన రూపాయి బిళ్ళ గెంతి గెంతి ఆగేటప్పుడు చేసే చప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే. కౌంటరులో ముప్పై ఏళ్ళు విన్న చప్పుడు కనుక ఉలిక్కిపడి లేచి, తరువాత నవ్వుకున్నాను. అర్ధరాత్రి దాటాక కొండ మీద నుంచి కుక్క మొరిగినట్లు పొడిగా ఒకే మాటు, కాసేపాగి మళ్ళీ ఒకసారి వినబడింది. అది మొరిగే జింక అని పొద్దున్నే టీ కొట్టు ఆసామి చెప్పాడు. భయం వేయలేదని చెప్పను. పది గజాల్లో మనుషులున్నారన్న ధైర్యంతో పడుకున్నాను.

మన వనభోజనాలు

నాకు పదవీ విరమణ ఇంకో మూడేళ్ళు. విశాఖలో ఫ్లాటు చూసుకోండని పిల్లలు అంటున్నారు. మన సంఘంలో చాలామందిది ఇదే లెక్క. ఉద్యోగం, వ్యాపారం పూర్తికాగానే కొండ దిగుతాం. ముప్పై ఏళ్ళు అన్నం పెట్టిన నేల గురించి, అక్కడికి వెళ్ళాక మనవడు అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏముంది? బ్రాంచి పేరు, అద్దె ఇంటి నంబరు, సంతలో కూరగాయల ధర ఇవే అయితే ఆ ముప్పై ఏళ్ళూ లాడ్జిలో ఉన్నట్లే.

ఈసారి కార్తీక వనభోజనాలు గుప్తేశ్వరంలో పెడదామని సంఘంలో ప్రస్తావన ఉంది. తప్పక పెడదాం. పెద్దల ముందు నా సూచనలు ఇవి:

1. మైకు, పాటల పెట్టె వద్దు. అంత్యాక్షరి గొంతుతోనే పాడుకుందాం, అదీ నదికి దూరంగా.

2. ప్లాస్టిక్ పళ్ళాలు, గ్లాసులు వద్దు. సంతలో ఆదివాసీ ఆడవారు కుట్టి అమ్మే అడ్డాకు విస్తళ్ళు ముందే కొందాం. డబ్బు ఇక్కడే ఉంటుంది. మనం తీసుకెళ్ళిన చెత్తంతా సంచుల్లో తిరిగి జయపురం తెచ్చేద్దాం.

3. గుహలోకి పదేసి మంది చొప్పున వెళ్దాం. గబ్బిలాల గుహలోకి ఎవరూ వెళ్ళవద్దు, బయట నుంచి చూస్తే చాలు.

4. కార్తీకంలో నదిలో నీరు ఎక్కువ. మొసళ్ళున్న నది అది. స్నానాలు, నీటి అంచున ఫోటోలు వద్దు. కోతులకు తిండి పెట్టవద్దు.

5. ఊరి యువకులను ఇద్దరు ముగ్గురిని దారి చూపడానికి పిలిచి, రోజు కూలి కాక తగిన పారితోషికం ఇద్దాం. వారికి తెలిసినదాని ముందు మన డిగ్రీలు దిగదుడుపే.

6. పిల్లలకు ఒక గంట కేటాయిద్దాం. తలా ఒక నోటు పుస్తకం, పెన్సిలు ఇచ్చి, పెద్దలతో కలిసి ఎత్తు రాతి మీద మాట్లాడకుండా కూర్చోబెడదాం. కనబడినవి, వినబడినవి తెలుగులో రాయమందాం. బాగున్నవి మన పత్రిక తరువాతి సంచికలో వేద్దాం.

ఒంటరిగా వెళ్ళదలచినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం. వానాకాలం వద్దు. గేటు దగ్గర చెప్పి, వారు చూపిన చోటే గుడారం వేసుకోండి. నడకకు తోడు తీసుకోండి. పెట్రోలు, భోజనం, తోడు వచ్చిన కుర్రవాడికి ఇచ్చినది కలిపి నాకు పదిహేను వందలు దాటలేదు. బైనాక్యులర్ లేనివారు మా ఇంటికి వచ్చి నాది తీసుకోవచ్చు. పాస్‌బుక్కు, గ్యారంటీ అక్కరలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఏమేం చూశారో చెబితే చాలు.